హైవే వదిలెయ్, చెరువు కట్టల మీదుగా నడువు

బిడ్డా,

బాసర నుంచి ఆలంపురం దాకా నడుస్తానని నువ్వు స్టేటస్ పెట్టావట. మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. చెప్పడమేమిటి, అరిచాడు. "చిన్నప్పుడు దాన్ని వెంటేసుకుని రాళ్ళూ రప్పల చుట్టూ తిప్పావు, అనుభవించు" అని నా మీద పడ్డాడు. వాడి ముందు మాత్రం నీ పక్షానే మాట్లాడాను. గోదావరి ఒడ్డున మొదలుపెట్టి తుంగభద్ర ఒడ్డు దాకా రాష్ట్రమంతా కాలినడకన దాటతానంటే నీకేం నొప్పిరా అన్నాను. ఫోన్ పెట్టేశాక ఇక నిద్ర పడితే ఒట్టు. వాడితో అనని మాటలు నీతో అనాలి. వాట్సాప్‌లో పెడితే సగం చదివి బొటనవేలు బొమ్మ పంపుతావు, అందుకే ఉత్తరం రాస్తున్నాను. కూర్చుని చదువు.

ముందు తిట్లు. నువ్వు గీసిన మ్యాపు చూశాను. డిచ్‌పల్లి దగ్గర రోడ్డెక్కితే ఆలంపురం చౌరస్తా దాకా 44వ నంబరు జాతీయ రహదారి దిగనే లేదు కదమ్మా నువ్వు! ఆ రోడ్డు మీద నీకు కనిపించేవి దాబాలు, టోల్ గేట్లు, పగిలిన లారీ టైర్లు. వాటికోసమైతే ఏసీ బస్సెక్కు, కాళ్ళు ఎందుకు అరగదీసుకోవడం? ఆ దారి మీద డిచ్‌పల్లి రామాలయం ఒక్కటి చూడు. గుట్ట మీద నల్లరాతి గుడి, ఇందూరు ఖజురహో అంటారు. నిజామాబాద్ పాత పేరు ఇందూరు. ఆ తర్వాత కామారెడ్డి దగ్గర హైవే వదిలెయ్. మెదక్ చూసుకుని తూర్పుకు తిరుగు. సిద్దిపేట, కొమురవెల్లి, చేర్యాల, బైరాన్‌పల్లి మీదుగా జనగామ వైపు రా. కడవెండి, పాలకుర్తి, బమ్మెర చూసుకుని వెనక్కి కొలనుపాక, భువనగిరి, పోచంపల్లి. అక్కడి నుంచి దక్షిణానికి నల్లగొండ, దేవరకొండ, నాగర్‌కర్నూల్, సోమశిల, ఆలంపురం. దూరం బాగా పెరుగుతుంది. పెరగనీ. విడతలు విడతలుగా నడిచే మనిషికి తొందరేమిటి?

చెప్పులు, నీళ్ళు, ఓఆర్ఎస్, టార్చి, పవర్ బ్యాంకు, ఇవి నీకు చెప్పక్కర్లేదు. కొత్త బూట్లతో మాత్రం బయల్దేరకు.

దసరా పోయాక మొదలుపెట్టు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది, నువ్వూ ఆపేసి ఇంటికి పో. మళ్ళీ దసరాకే. మార్చిలో ఒక్క వారం లీవు దొరికింది కదా అని బయల్దేరావంటే నేనే వచ్చి వెనక్కి లాక్కొస్తాను. మొదటి విడతలో రోజుకు 15 కిలోమీటర్లు దాటకు. తెల్లారగానే నడువు, పదిన్నరకల్లా నీడ చూసుకో, మళ్ళీ నాలుగు తర్వాత లెయ్. ప్రతి విడతా ఆర్టీసీ బస్సు ఆగే ఊళ్ళోనే ముగించు, మళ్ళీ వచ్చినప్పుడు సరిగ్గా అక్కడే దిగి మొదలుపెట్టు. పల్లెవెలుగులో మన ఆడవాళ్ళకు టికెట్టు లేదు కాబట్టి ఖర్చు బాధ కూడా లేదు. ఆధార్ కార్డు ఒరిజినల్ తీసుకుపో, జీరో టికెట్టు కొట్టాలంటే కండక్టర్ అదే అడుగుతాడు.

నువ్వు బయల్దేరే రోజులకు వానాకాలం వరి కోతకు వస్తుంది. ఊరి రోడ్లన్నీ వడ్లతో నిండిపోతాయి. సగం రోడ్డు మీద ఆరబోసి అంచున రాళ్ళు పెడతారు. బైకులవాళ్ళు విసుక్కుంటారు, కార్లవాళ్ళు హారన్ కొడతారు. నువ్వు దిగి పక్క నుంచి నడువు. ఒక్క గింజ కాలికి తగలకుండా పోయావనుకో, అక్కడ గొడుగు కింద కూర్చున్న మనిషి తనంతట తనే "ఏ ఊరు బిడ్డా?" అంటాడు. నీ పని అక్కడ మొదలవుతుంది.

ఇప్పుడు నా భయాలు. మీ నాన్నకు నీ భద్రత అంటే మగాళ్ళ భయం. అది నాకూ ఉంది, దాని సంగతి తర్వాత చెబుతాను. నాకు నిద్ర పట్టనివ్వనిది కరెంటు తీగ.

అడవి పందులు మక్క చేలను, పల్లి చేలను ఒక్క రాత్రిలో నేలమట్టం చేస్తాయి. వాటిని ఆపలేక కొందరు రైతులు చేను చుట్టూ సన్నని ఇనుప తీగ కట్టి రాత్రిపూట కరెంటు పెడతారు. నేరమని వాళ్ళకూ తెలుసు. మోకాలి కంటే కిందనే ఉంటుంది, పగలే సరిగా కనపడదు. నా దగ్గర ఎనిమిదో తరగతి చదివే పిల్లాడి తండ్రి తెల్లవారుజామున పొలానికి నీళ్ళు పెట్టబోతూ పక్కవాళ్ళ గట్టు మీదుగా అడ్డంగా పోయాడు. అంతే. పక్కవాడే, దూరపు చుట్టం కూడా. ఆ పిల్లాడు కర్మకాండలు అయ్యాక గుండుతో బడికి వచ్చి ఎప్పటిలా రెండో బెంచీలో కూర్చున్నాడు. హాజరు పిలుస్తూ వాడి పేరు దగ్గరికి వచ్చేసరికి నాకు గొంతు పెగల్లేదు. వాడే "ప్రెజెంట్ మేడం" అన్నాడు, నేను పిలవకముందే.

అందుకని సూర్యుడు పైకి రాకముందు, పొద్దు గూకాక, బండ్లబాట దిగవద్దు. ఫోన్‌లో మ్యాపు చేను మధ్య నుంచి అరకిలోమీటరు అడ్డదారి చూపిస్తుంది. దానికి తీగ సంగతి తెలియదు. చుట్టూ తిరిగి పో. ఇందులో వాదన లేదు.

బావులు కూడా. మన వైపు వ్యవసాయ బావులకు చాలావాటికి గోడ ఉండదు, నేలకు సమానంగా నోరు తెరుచుకుని ఉంటాయి. చుట్టూ సర్కారు తుమ్మ అల్లుకుపోయి రెండు అడుగుల దూరం దాకా బావి ఉందని తెలియదు. పాత మెట్ల బావులు ఎంత అందంగా ఉన్నా పాచి పట్టిన మెట్టు మీద ఫోటో కోసం వెనక్కి అడుగు వేయకు. ఈత వచ్చు అనకు. హైదరాబాద్ స్విమ్మింగ్ పూల్‌లో నేర్చిన ఈత నాకు తెలుసు.

సరే, మంచి మాటలకు వద్దాం.

ఏ ఊరికైనా ముందు చెరువు దగ్గరికి పో. తెలంగాణలో ఊరు పుట్టాక చెరువు తవ్వలేదు చాలా చోట్ల, చెరువు ఉంది కాబట్టే ఊరు నిలిచింది. మిషన్ కాకతీయ కోసం లెక్కపెట్టినప్పుడే 46 వేలకు పైగా తేలాయి. పై ఊరి చెరువు మత్తడి దూకితే ఆ నీళ్ళు కింది ఊరి చెరువుకు, అక్కడి నుంచి ఇంకో ఊరికి. గొలుసుకట్టు అని పుస్తకంలో చదివావు, ఇప్పుడు కాళ్ళతో చూస్తావు. కట్ట మీద నడుస్తూ పోతే తూము కనిపిస్తుంది. పాతదైతే నీళ్ళలో రెండు రాతి స్తంభాలు, మధ్య అడ్డబండలు ఉంటాయి. కట్ట మీద ఎక్కడో ఒక చోట చెట్టు కింద కట్ట మైసమ్మ. ఆ చుట్టుపక్కలే శాసనం రాయో, చనిపోయిన వీరుడి గుర్తుగా నిలిపిన వీరగల్లో ఉండే అవకాశం ఎక్కువ. అక్షరాలున్న రాయి పైన సూర్యచంద్రుల గుర్తులు ఉన్నాయంటే అది చాలావరకు దానశాసనమే. సూర్యుడూ చంద్రుడూ ఉన్నంతకాలం ఈ దానం చెల్లాలని అర్థం. ఈ భూమిని కాజేసినవాడు అరవై వేల ఏళ్ళు మలంలో పురుగై పుడతాడని చివర్లో శాపం కూడా రాసేవాళ్ళు. మన రియల్ ఎస్టేట్ వాళ్ళకు ఎవరైనా చదివి వినిపిస్తే బాగుండును.

వీరగల్లు నీకు చిన్నప్పుడు చూపించాను, గుర్తుందో లేదో. కింది గడిలో యుద్ధం, నడిమి గడిలో చనిపోయిన వీరుణ్ణి అప్సరసలు పైకి తీసుకుపోతుంటారు, పై గడిలో శివలింగం ముందు కూర్చుని ఉంటాడు. కింది నుంచి పైకి చదవాలి.

నువ్వు ఇలాంటి రాయి చూడగానే ఏం చేస్తావో నాకు తెలుసు. వంగి, చేత్తో తుడిచి, అక్షరాలు కనపడతాయేమో అని చూస్తావు. మా తెలుగు మేడమూ నేనూ అదే చేశాం. ఆవిడ ఇప్పుడు లేదు. ఈ సంగతి మీ నాన్నకు కూడా సరిగా తెలియదు.

అప్పుడు మేమిద్దరం ఒకే బడి. ఆదివారం వచ్చిందంటే సద్ది కట్టుకుని చుట్టుపక్కల ఊళ్ళ మీద పడేవాళ్ళం. ఒక ఊళ్ళో చెరువు కట్ట చివర, వేపచెట్టు కింద ఒక రాయి. నడుమెత్తు ఉంటుంది. ఎన్ని తరాల పసుపో, కుంకుమో, నూనెలో నాని నాని పెచ్చు కట్టి ఉంది. పైన మాత్రం చంద్రవంక అంచు బయటపడింది. ఇంకేముంది, శాసనమే! మేడం సంచిలో వైర్ బ్రష్ ఉంది. కుంకుడుకాయలు నానబెట్టిన నీళ్ళు ఉన్నాయి. చుట్టూ ఎవరూ లేరు, అందరూ నాట్లలో ఉన్నారు. మేం గీకడం మొదలుపెట్టాం. పసుపు పెచ్చు ఊడిపడుతుంటే నాకు ఎంత సంతోషమో! "స్వస్తిశ్రీ" బయటపడింది. కింద చెరువు వెనుక ఇచ్చిన భూమి లెక్క, మర్తురులు అని స్పష్టంగా ఉంది. మర్తురు అంటే ఆ కాలపు భూమి కొలత. ఫోటోలో బాగా పడాలని సుద్దముక్క తీసి అక్షరాల్లో రుద్దాను కూడా. టీచర్ని కదా, చేతి సంచిలో సుద్దముక్కకు కొదవేమిటి.

అప్పుడు ఒక అవ్వ వచ్చింది. చేతిలో చిన్న గిన్నె, దాంట్లో నూనె. మమ్మల్ని చూసింది, రాయిని చూసింది. మేం సంబరంగా "అవ్వా, ఇది శాసనం" అన్నాం. ఆమె గిన్నె కింద పెట్టి కూలబడింది. "నా తల్లి ఒంటి మీది పసుపంత ఎవలు గీకిండ్రు?" అంది. అరవలేదు. అరిచినా బాగుండేది. కింద పడిన పసుపు పెచ్చుల్ని ఒక్కొక్కటే ఏరి కొంగులో వేసుకుంటూ కూర్చుంది.

గంటలో ఊరు ఊరంతా కట్ట మీద ఉంది. గుప్తనిధుల కోసం తవ్వడానికి వచ్చారని ఒకడు, చేతబడి అని ఇంకొకడు. మా సంచీలు బోర్లించారు. మా హెడ్మాస్టర్ కబురు అందుకుని సైకిల్ తొక్కుకుంటూ వచ్చి, వీళ్ళు టీచర్లు, దొంగలు కారు అని చేతులు జోడించాడు. మా చేత కొత్త చీర, పసుపు, కోడి తెప్పించారు. నేనూ మేడమూ మోకాళ్ళ మీద కూర్చుని ఆ రాయికి మళ్ళీ పసుపు రాశాం. నాకు లోపల ఒళ్ళు మండిపోతోంది. ఏడెనిమిది వందల ఏళ్ళ చరిత్ర వెలికితీస్తే ఈ అజ్ఞానం ఏమిటి అనుకున్నాను. చాలా ఏళ్ళు అలాగే అనుకున్నాను, ఆ ఊరి మాట వస్తే మూతి ముడిచేదాన్ని.

పసుపు రాసేటప్పుడు అవ్వ పక్కనే కూర్చుని చెప్పింది. ఆ చెరువుకు గండి పడిన రాత్రి నెత్తిన మట్టి తట్టతో పోయిన ఒక ఆడమనిషి తిరిగి రాలేదట. ఆమె అవ్వ వాళ్ళ ఇంటి కోడలు. ఎన్ని తరాల కింద అంటే చెప్పలేదు. మేం బయటపెట్టిన అక్షరాల్లో ఆమె పేరు లేదు, ఎవరికి ఎన్ని మర్తురులు దక్కాయో అంతే ఉంది. నేను ఒక్క ముక్క రాసుకోలేదు ఆ రోజు. పెన్ను సంచిలోనే ఉంది, కోపంలో తీయలేదు. అవ్వ తర్వాత ఎక్కువ కాలం బతకలేదని విన్నాను.

రిటైరయ్యాక ఒకసారి ఆ దారిన పోతూ బస్సు దిగి చూశాను. ఇప్పుడు దానికి టైల్స్ వేసిన చిన్న గది, ఇనుప గ్రిల్లు. రాయి మొత్తానికి వెండి రంగు ఎనామిల్ పెయింట్ వేశారు. అక్షరాలు ఒక్కటీ లేవు. పక్కగా వంగి చూస్తే పెయింట్ కింద మా వైర్ బ్రష్ గీతలు మాత్రం అడ్డంగా కనపడ్డాయి. పెయింట్ వేసినవాళ్ళను అనడానికి నాకు నోరెక్కడిది?

కాబట్టి నీకు వరస చెబుతున్నాను, వినుకో. ఊళ్ళోకి పోగానే చాయ్ హోటల్ దగ్గర కూర్చో. వాళ్ళు అడిగేవన్నీ అడగనీ. ఏ ఊరు, ఎవరి బిడ్డవు, పెళ్ళయిందా, జీతమెంత, ఏమిటోళ్ళు, అంటే ఏ కులమని. ఆ చివరి ప్రశ్న నీకు నచ్చదు. నచ్చక్కర్లేదు, నీకు తోచినట్టు జవాబివ్వు, కానీ మొహం మాడ్చుకుని లేచి రాకు. వాళ్ళ ప్రశ్నలు అయ్యాకే నీ ప్రశ్న. రాయి చూడాలంటే ఊరి మనిషిని వెంట తీసుకునే పో, పట్టపగలు పో. పసుపు కుంకుమ ఉన్న దేన్నీ ముట్టుకోవద్దు. సుద్ద, పిండి, నీళ్ళు, బ్రష్షు, ఏదీ వద్దు. ఉత్త రాయి మీద అక్షరాలు చదవాలంటే పొద్దున ఎనిమిది లోపు, సాయంత్రం నాలుగున్నర తర్వాత ఏటవాలు ఎండలో చూడు. నీడలో ఉంటే చిన్న అద్దంతో పక్క నుంచి వెలుతురు కొట్టు, అక్షరాలు లేచి నిలబడతాయి. డ్రోన్ గీన్ అంటున్నావట, అది ఇంట్లోనే పెట్టు. గుప్తనిధుల వాళ్ళు నంది కింద, లింగం కింద తవ్వి పోయిన ఊళ్ళు చాలా ఉన్నాయి. భుజాన పెద్ద బ్యాగుతో పాడుబడ్డ గుడి చుట్టూ తిరిగే కొత్త మనిషిని చూస్తే వాళ్ళు ఏమనుకోవాలి?

ఇంకొకటి. ఏ సంవత్సరం అని అడగకు. ముసలివాళ్ళకు సంవత్సరాలు ఉండవు, రజాకార్ల యేడు, పోలీస్ యాక్షన్ యేడు, పెద్ద కరువు అని ఉంటాయి. మీ నాయనమ్మ కూడా అంతే. 1948లో ఆమెకు పదహారేళ్ళు. రజాకార్ల భయానికి ఊరంతా రాత్రిళ్ళు ఇళ్ళు వదిలి జొన్న చేలల్లో పడుకునేదట. ఆ కథ నేను అడిగినప్పుడు ఎన్నడూ చెప్పలేదు, "ఏముంది దాంట్లో" అనేది. సంక్రాంతికి సకినాలు చుట్టేటప్పుడు మాత్రం, చేతులు ఆడుతుంటే, దానంతట అదే వచ్చేది. కామారెడ్డి, సిద్దిపేట విడతల్లో నీకు బీడీలు చుట్టే ఆడవాళ్ళు కనపడతారు. ఒళ్ళో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, పొగాకు, దారం. మధ్యాహ్నం అరుగు మీద నలుగురైదుగురు కూర్చుంటారు. వాళ్ళ దగ్గర కూర్చో, రికార్డర్ తీయకు. చేతులు ఆగవు, మాటలూ ఆగవు.

గడీలు చూస్తావు కదా, అక్కడ జాగ్రత్త. దొర ఎంత మంచివాడో చెప్పే మనిషి గడి గేటు దగ్గరే ఉంటాడు. విను. విన్నాక ఆ గడిలో వెట్టి చేసినవాళ్ళ ఇళ్ళు ఎటు అని అడిగి అటు పో. ఊళ్ళో ఒక కథ, వాడలో ఒక కథ ఉంటుంది. కడవెండిలో 1946 జూలై 4న దొడ్డి కొమురయ్య విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తూటాకు పడిపోయాడు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ ఆ దేశ్‌ముఖ్‌తోనే తన పొలం కోసం, చేతికొచ్చిన పంట కోసం కొట్లాడి నిలబడింది. ఆ రెండు ఊళ్ళ మధ్య నడిచి చూస్తే పుస్తకంలో వేర్వేరు పేరాలుగా చదివినవి ఒకే పొరుగు అని తెలుస్తుంది. అదే పాలకుర్తి పాల్కురికి సోమనది, పక్కనే బమ్మెర పోతనది. పోతన మావాడని ఒంటిమిట్టవాళ్ళు కూడా అంటారు, బమ్మెరలో ఆ మాట ఎత్తకు.

బైరాన్‌పల్లిలో బురుజు ఇంకా ఉంది. దాని మీద నుంచే ఊరివాళ్ళు రజాకార్లను ఎదుర్కొన్నారు. 1948 ఆగస్టు 27న రజాకార్లు ఊరి మీద పడి జనాన్ని చంపారు. ఇంకో మూడు వారాలకు, సెప్టెంబర్ 17న నిజాం లొంగిపోయాడు. బురుజు ముందు సెల్ఫీ దిగకు. నువ్వు దిగవని తెలుసు, అయినా చెబుతున్నాను.

పోచంపల్లి అనగానే అందరూ వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇచ్చాడని చెబుతారు. నిజమే. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే అడగగానే ఇచ్చాడు. కానీ అంతకుముందు ఆ పొద్దు దళితవాడలో జనం మాకు 80 ఎకరాలు కావాలని వినోబాను అడిగారు. వాళ్ళు అడగకుంటే ఈయన ఇచ్చేది లేదు, భూదానం పుట్టేది లేదు. ఇచ్చినాయన పేరే మనకు కంఠతా వచ్చు. వినోబా హైదరాబాద్ దగ్గరి శివరాంపల్లిలో సర్వోదయ సభకు వార్ధా వైపు నుంచి నడిచే వచ్చాడు, అక్కడి నుంచి పోచంపల్లికీ నడిచే పోయాడు. నీలాగే. ఆయన వెంట మనుషులున్నారు, నువ్వు ఒక్కదానివి, అదే నా బాధ.

మెదక్ చర్చి దగ్గర ఎత్తు చూసి నోరెళ్ళబెట్టి వచ్చేయకు. 1914లో మొదలై 1924 క్రిస్మస్‌కు పూర్తయింది. కరువు రోజుల్లో పాస్నెట్ అనే ఇంగ్లీషు మిషనరీ దొర కూలి ఇచ్చి కట్టించాడు, ఆ పని తిండి పెట్టింది చాలా కుటుంబాలకు. చేర్యాలలో నకాషీ పటాలు గిఫ్టు కోసం కొనేవాళ్ళే ఎక్కువ. అవి గోడకు తగిలించడానికి పుట్టలేదు. కూనపులివాళ్ళు పద్మశాలీలకు, కాకిపడగలవాళ్ళు ముదిరాజులకు వాళ్ళ కులపురాణం పటం విప్పుతూ రాత్రంతా చెప్పేవాళ్ళు. పటం గీసే ఇంట్లో అడిగితే ఇప్పటికీ ఎవరు చెబుతున్నారో చెబుతారు. కొమురవెల్లి మల్లన్న జాతర సంక్రాంతి నుంచి ఉగాది దాకా, ఒగ్గు పూజారుల డోలు వినాలంటే ఆదివారం పో, తోపులాటకు సిద్ధపడే పో. కొలనుపాకలో జైన గుడి చూసి అందరూ వెనక్కి తిరుగుతారు, సోమేశ్వరాలయం దాకా నడువు, అక్కడ ఆరుబయట పేర్చిన శిల్పాల మధ్య ఒక పూట ఇట్టే గడుస్తుంది. భువనగిరి కోట పొద్దున్నే ఎక్కు, ఎండెక్కితే ఆ ఏకశిల మీద కాలు పెట్టలేవు. పానగల్లు ఛాయా సోమేశ్వరంలో గర్భగుడి గోడ మీద పొద్దంతా నిలువుగా ఒకటే నీడ కదలకుండా ఉంటుంది. ఏ స్తంభానిదో పట్టుకో చూద్దాం. మా పిల్లలు ఒక్కొక్క స్తంభం దగ్గర ఒకణ్ణి నిలబెట్టి చేతులు ఊపించేవాళ్ళు.

సోమశిల దగ్గర కృష్ణ సముద్రంలా ఉంటుంది. అది శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళు. కింద ఊళ్ళున్నాయి. ఎదురు ఒడ్డున సంగమేశ్వరం గుడి ఏటా మునిగి ఎండాకాలంలో తేలుతుంది. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని మాత్రం రాయి రాయి విప్పి ఆలంపురం తెచ్చి నిలబెట్టారు. గుడిని తెచ్చారు, మరి మనుషులు ఎటు పోయారు అన్నది ఆ విడతంతా అడుగుతూ పో. నవబ్రహ్మ ఆలయాలు ఎలాగూ చూస్తావు, ఏడో శతాబ్దం నాటివి, వాటి గురించి చెప్పడానికి బోర్డులున్నాయి.

ఇక పడక. రాత్రి బస ఎక్కడో మధ్యాహ్నానికే తేల్చుకో. ముందు అంగన్‌వాడీ టీచర్ని, ఆశా కార్యకర్తని అడుగు. వాళ్ళకు ఏ ఇల్లు ఎలాంటిదో తెలుసు. ముసలమ్మ ఉన్న ఇల్లు మంచిది. సర్పంచ్ ఇంటికి పోయి నమస్కారం పెట్టు, ఉండమంటే ఆలోచించుకో. తాగి పలకరించే వాళ్ళతో వాదించకు, నవ్వకు కూడా, నడు. కుక్కలకు కర్ర చూపించు, ఎత్తకు. నెలసరి రోజులు లెక్క చూసుకుని విడత పెట్టుకో, లేదంటే ఆ రెండు రోజులు జనగామలో నా దగ్గర పడుకో. అన్నం పెట్టిన వాళ్ళకు డబ్బులివ్వకు, బాధపడతారు. ఫోటో తీస్తే ప్రింటు తీయించి పోస్టులో పంపు. పంపుతానని చెప్పి పంపకపోతే వాళ్ళు రెండేళ్ళు పోస్ట్‌మ్యాన్‌ని అడుగుతారు, నాకు తెలుసు.

మొదటి విడతకు ఎవరినైనా స్నేహితురాలిని వెంట పెట్టుకో. ఆ తర్వాత నీ ఇష్టం. రోజూ సాయంత్రం మీ నాన్నకు మెసేజ్, నాకు ఫోను. మెసేజ్ చదవాలంటే నేను కళ్ళజోడు వెతుక్కోవాలి. మర్నాడు ఏ ఊళ్ళో ఉంటావో ముందు రోజే చెప్పు. చుట్టుపక్కల మండలాల్లో నా దగ్గర చదివినవాళ్ళు టీచర్లో కండక్టర్లో ఎవరో ఒకరు ఉంటారు, నీ మీద ఒక కన్నేసి ఉంచమంటాను. దీనికి కోపం తెచ్చుకోకు, తెచ్చుకున్నా నేను మానను.

పాలకుర్తి విడతలో నేనూ వస్తాను. నడవలేను కాబట్టి ఆటోలో వెనకాలే వస్తాను. ఆటో మాట్లాడి పెట్టాను. మీ నాన్నకు చెప్పకు.

మీ అత్తమ్మ